మూసుకోని తుపాకీ

అమెరికాలోని మోంటానా మైదానంలో, నల్ల తుపాకిమందుతో కాల్చే పాతకాలపు తుపాకుల పోటీకి గంట ఉందనగా, కూతురి తుపాకీలో తూటా సగంలోనే ఇరుక్కుపోయింది.

“నాన్నా, ఇదీ అంతే! గుండు పైకి పొడుచుకొచ్చింది, తుపాకీ మూసుకోవడం లేదు. నువ్వు కూర్చిన నలభై తూటాలూ ఇలాగే ఉంటే ఇక ఇంటికే!”

“గుండ్లు పోసిన అచ్చు తేడా అయ్యుంటుంది.”

“పాత అచ్చేగా?”

“అయితే మందు ఎక్కువైంది.”

“మందు నేనే తూచిచ్చాను. ఉండు, ఒకటి ఊడదీస్తా... ఇదేంటి? మందుకీ గుండుకీ మధ్య ఒక్క అట్టబిళ్ల ఉండాలి. రెండు అతుక్కుని ఉన్నాయి! నాకు నేర్పినవాడివి, నువ్వు చేసే పొరపాటా ఇది? కళ్లజోడు పెట్టుకోలేదా?”

“కళ్లు బాగానే ఉన్నాయి. వేళ్లకే స్పర్శ పోయిందమ్మా. పట్టుకున్నది ఒకటో రెండో తెలియడం లేదు. చెబితే ఈ పని కూడా మాన్పిస్తావని దాచాను.”