ప్రైమర్ కొట్టిన నాలుగో గడి

నలుగురమూ కూడి నడిచొస్తిమమ్మా
ముగ్గురమే వంగి మూటెత్తితిమమ్మా
నాలుగో చిన్నదీ...

ఆ తర్వాత నాలుగో చిన్నది ఏం చేసిందో నాకు గుర్తులేదు. జడ వేసుకుంటూ కూర్చుందో, దువ్వెన వెతుక్కుంటూ పోయిందో. చిన్నప్పుడు మేం ఆడపిల్లలం పనికి పోతూ పాడుకునేవాళ్ళం. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు అక్షరం వచ్చింది, పాట పోయింది.

అక్షరాలు నాకు అరవై ఆరో ఏట వచ్చాయి. మా వీధి చివర సాయంత్రాలు పెద్దవాళ్ళ బడి నడుపుతారు. పంతులమ్మకి నా మనవరాలి వయసుంటుంది. ఈమధ్య ఆవిడ మమ్మల్ని నలుగురేసి చొప్పున జట్లు కట్టి, జట్టుకో పెద్ద చార్టు ఇచ్చి, దానిమీద నాలుగు గడులు గీసింది. ఎవరి గడిలో వాళ్ళు తమ పని గురించి సొంత దస్తూరీతో రాయాలి. ఒకరిది ఇంకొకరు రాయకూడదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ చార్టు గోడ ఎక్కదు, చుట్టి బీరువా మీద పెట్టేస్తుంది. పోయిన నెల మా జట్టుది అలాగే బీరువా మీదికి పోయింది.

మా జట్టంటే నేను, బట్టలు కుట్టే టైలరమ్మ, ఆస్పత్రి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్, ఇళ్ళకు రంగులు వేసే పెయింటరు. పోయిన నెల గడి ఖాళీగా ఉంచినవాడు పెయింటరే. ఈ నెల కూడా మా ముగ్గురివీ నిండి వారమైంది. "నా గడి ఇంటి దగ్గర తీరిగ్గా రాస్తాను పెద్దమ్మా" అని చార్టు పట్టుకుపోయి అయిపూ అజా లేడు.

నాకేమో తొందర. చార్టులు ఇవ్వాల్సిన రోజుకి మర్నాడే నా కూతురు చూడ్డానికి వస్తానంది. అది చిన్నప్పుడు తాను రాసిన కాగితం బడి గోడకు పెట్టారని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దాని ముందు నిలబడి, అందులో ఏముందో తెలియక, చాలా బాగుందని తల ఊపి ఇంటికొచ్చాను. పిల్ల అప్పుడు నా మొహం వంక చూసిన చూపు ముప్ఫై ఏళ్ళయినా పోలేదు. అందుకని ఒక్కసారి నేను రాసింది గోడ మీద ఉంటే, అది చదువుతుంటే, నేను పక్కన నిలబడాలని ఉంది. అంతే, పెద్ద కోరికేం కాదు.

చార్టులిచ్చే రోజు నాలుగింటికి బడి ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర కలుద్దామన్నాం. అయిదింటికి పంతులమ్మ చార్టులు తీసుకుంటుంది. నాలుగుంపావుకి పెయింటరు వచ్చాడు, చంకలో చార్టు, భుజానికి బ్రష్షుల సంచి. టీ చెప్పుకుని, గ్లాసు చేతికొచ్చాక, చార్టు బల్లమీద పరిచాడు.

మా మూడు గడులూ రాతలతో నల్లగా ఉన్నాయి. నాలుగో గడి పాలమీగడలా మెరిసిపోతోంది. చుట్టూ నీలం అంచు కూడా వేశాడు. లోపల ఒక్క అక్షరం లేదు.

"ఇదేంటన్నయ్యా?" అంది టైలరమ్మ.

"ప్రైమర్. రంగుకి ముందు కొట్టే తెల్లపూత, రెండు వరసలు. కింద పని గట్టిగా లేకపోతే పైన ఏది నిలుస్తుందమ్మా?"

"మరి రాత?"

"అదే చెప్పబోతున్నా. జట్టు పని అంటే ఏమనుకున్నారు మీరు? జట్టు పని గురించి నన్నడగాలి. నమ్మిన మనుషులు నట్టేట ముంచితే ఒక్క చేత్తో ఒడ్డుకొచ్చినవాణ్ణి నేను. మీకు ఆ ఆఫీసు భవనం సంగతి చెప్పలేదు కదూ?"

"టైము నాలుగూ ఇరవై" అన్నాడు వాచ్‌మన్. ఆయన మాట్లాడేదే తక్కువ.

"అయిదు నిమిషాల కథ. ఆఫీసు భవనం, మూడంతస్తులు, నలుగురం ఒప్పుకున్నాం, నాలుగు రోజుల్లో రంగు అయిపోవాలి. పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను, ఎవ్వడూ లేడు. మొదటివాడు కబురు పంపాడు, మా నాయనమ్మ పోయింది అని. అయ్యో పాపం అనుకున్నాను. అనుకుంటుండగానే ఆ నాయనమ్మే క్యారియర్ పట్టుకుని వచ్చింది, మా వాడు అన్నం మర్చిపోయాడు బాబూ, ఏడీ అంటూ. ఏం చెప్పమంటారు? నువ్వు పోయావని వాడు సెలవు పెట్టాడమ్మా అని మొహం మీద చెప్పలేను కదా. ఆ క్యారియర్ నేనే తిన్నాను. వంట బాగుంది."

"రెండోవాడో?"

"రెండోవాడు నిచ్చెన తెస్తానన్నాడు. మాట తప్పలేదు, నిచ్చెన వచ్చింది, వాడు రాలేదు. ఇక మూడోవాడు వచ్చాడండీ. వచ్చి, తన చెయ్యి అందినంతవరకు వేసి, బ్రష్షు కడుక్కుని కూర్చున్నాడు. ఒరే, పైన ఎవరేస్తారు అంటే, నా ఎత్తుకి నేను వేశాను, మిగతాది పొడుగ్గా ఉన్నవాళ్ళు చూసుకోవాలి అన్నాడు. పైగా కింద కూర్చుని, అన్నా అక్కడ పడలేదు, అన్నా ఇక్కడ కారింది అని మేస్త్రీలా చెప్పడం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మాకెలా తెలుస్తుంది" అంది టైలరమ్మ.

"పంచె ఎగ్గట్టాను. కుడిచేత్తో ఒక బ్రష్షు, ఎడమచేత్తో ఒక బ్రష్షు, నోట్లో ఇంకోటి, కాలివేళ్ళ మధ్య రెండు. మధ్యాహ్నానికల్లా ఎనిమిదో అంతస్తులో ఉన్నాను."

"ఇందాక మూడన్నావు."

"మొదలుపెట్టినప్పుడు మూడేనమ్మా. నేను వేస్తుంటే తాపీవాళ్ళు పైన కడుతూనే ఉన్నారు కదా. వాళ్ళు ఒక అంతస్తు లేపడం, నేను దానికి రంగు కొట్టేయడం. వాళ్ళకి పౌరుషం వచ్చింది. నాకు మాత్రం రాదా? పదకొండో అంతస్తు దగ్గర నేను వాళ్ళని దాటేశాను. గోడ ఇంకా రాలేదు. వస్తుంది కదా అని గోడ ఉండబోయే చోట గాల్లోనే రంగు వేసుకుంటూ పోయాను. పాపం వాళ్ళు ఆ రంగు పగలకుండా వెనకనుంచి మెల్లగా ఇటుకలు పేర్చుకున్నారు. కిటికీలు ఎక్కడ రావాలో నేనే వదిలిపెట్టాను."

టీకొట్టు ఆవిడ పాలగిన్నె మీద గరిటె అలాగే ఎత్తి పట్టుకుని వింటోంది. నాకు చెప్పొద్దూ, నోరు తెరిచే ఉంది. అబద్ధమని తెలుసు. అయినా ఆ గాల్లో వేలాడే తెల్లరంగు నా కళ్ళకు కనబడింది, దాంట్లో కిటికీలంత నీలం ఆకాశం కూడా.

"కిందపడలేదా నాయనా?" అన్నాను.

"తీరిక ఉంటే పడేవాణ్ణి పెద్దమ్మా. ఇదింకా ఏమీ కాదు. ముందు గోడ అయింది, పక్కకి తిరిగాను, వెనక్కి తిరిగాను, ఇంకో పక్కకి తిరిగాను, ఆ భవనం చుట్టూ సుడిగాలిలా తిరుగుతున్నానా, నా ముందు ఎవడో రంగు వేసుకుంటూ పోతున్నాడు. నా చొక్కాలాంటి చొక్కా, నా బట్టతలలాంటి బట్టతల. ఎవడ్రా నువ్వు అని భుజం పట్టి తిప్పాను. తిరిగి చూద్దును కదా, నేనే."

"ఆహా" అంది టైలరమ్మ.

"అంత జోరుమీదున్నాను. ఇంకో రెండు చుట్లు తిరిగేసరికి నలుగురమయ్యాం. నలుగురమూ నేనే. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళని నమ్మి చెడ్డాను, ఇక నా జట్టు నాదే, ఎగ్గొట్టేవాడు ఎవడూ ఉండడు అనుకున్నాను. ఒకణ్ణి రంగు కలపమన్నాను, ఒకణ్ణి నిచ్చెన పట్టుకోమన్నాను, ఒకణ్ణి కిటికీ అంచులు చూడమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" ఈసారి టీకొట్టు ఆవిడ కూడా అడిగింది.

"గంట కాలేదు. రంగు కలిపేవాడు వచ్చి, మా నాయనమ్మ పోయింది, సెలవు కావాలన్నాడు. ఒరే, నీ నాయనమ్మంటే నా నాయనమ్మే కదరా, నాతోనా ఈ కోతలు అన్నాను. వాడు అవునన్నాడు. అప్పుడు నాకు నిజంగానే ఆవిడ గుర్తొచ్చింది. ఇద్దరం బకెట్ పక్కన కూర్చుని ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం పడి ఏడ్చాం. వాణ్ణి ఇంటికి పంపించేశాను. ఎలా ఉండమంటాను చెప్పండి, పుట్టెడు దుఃఖంలో ఉన్నాడు. కిటికీల వాడు తన ఎత్తుకి వేసి కూర్చున్నాడు. నాది కూడా అదే ఎత్తు కదా, ఏమని తిట్టను? ఇక నిచ్చెన పట్టుకున్నవాడు, ఇప్పుడే టీ తాగి రెండు నిమిషాల్లో వస్తానని వెళ్ళాడు. ఇప్పటిదాకా రాలేదు."

టైలరమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది. వాచ్‌మన్ మొహంలో కదలిక లేదు. గడియారం వైపు చూసి మళ్ళీ చార్టు వైపు చూశాడు. నాలుగున్నర దాటింది. 

"అయినా వదల్లేదు. ఒక్కణ్ణే పూర్తిచేశాను. ఎంత తెలుపు వచ్చిందంటే, ఆ సాయంత్రం సూర్యుడు కుంగబోయి, ఇంత వెలుతురుండగా నేనెందుకు పోవాలని ఆగిపోయాడు. మూడు రోజులు పొద్దుగూకలేదు. కోళ్ళు ఎప్పుడు కూయాలో తెలియక గొంతు పోగొట్టుకున్నాయి. జనం వచ్చి, బాబ్బాబు, కొంచెం బూడిద రంగు పూసి మమ్మల్ని నిద్రపోనివ్వు అని కాళ్ళు పట్టుకున్నారు. ఒక్క పూత వేశాను. టప్పున చీకటి పడింది. అదీ జట్టు పని అంటే. ఎవడు వచ్చినా రాకపోయినా మన పని ఆగదు."

ఆ మాటంటూ టీ గ్లాసు పైకెత్తి చివరి గుక్క తాగాడు.

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, ఒక్క సందేహం. నలుగురూ నువ్వేనా?"

"నేనే."

"అందులో ఒకడు టీ తాగొస్తానని వెళ్ళి ఇప్పటిదాకా రాలేదు."

"రాలేదు."

"నీ చేతిలో అదేంటి?"

పెయింటరు గ్లాసు వంక చూసుకున్నాడు.

"మరి ఆ వెళ్ళినవాడు ఇదుగో, ఇక్కడ మాతో కూర్చున్నాడు" అన్నాడు వాచ్‌మన్, గేటు దగ్గర పేరు రాసుకున్నంత నెమ్మదిగా. "పని చేసినవాడు ఇంకా ఆ భవనం దగ్గరే ఉండుంటాడు. వాడికి కబురు పెట్టండమ్మా ఎవరైనా. గడి వాడైనా రాస్తాడు."

టీకొట్టు ఆవిడ నవ్విన నవ్వుకి పాలు పొంగిపోయాయి. టైలరమ్మ బల్లమీద తల వాల్చేసింది. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను. పెయింటరు కూడా నవ్వాడు కానీ అది మధ్యలో ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, దాని అంచు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎందుకు రాయలేదు నాయనా?" అన్నాను.

"రాద్దామనే కూర్చున్నాను పెద్దమ్మా, రోజూ. ముందు కొంచెం మెరుగు పెడదామని ప్రైమర్ కొట్టాను. అది ఆరాక ఇంకా తెల్లగా అయిపోయింది. గోడ మీదైతే చెయ్యి తప్పిందనుకో, ఇంకో పూత వేస్తాను, ఎవడికీ తెలియదు. దీని మీద తప్పు రాస్తే? మీ మూడు గడుల పక్కన అది అలాగే ఉండిపోతుంది, వచ్చినవాళ్ళందరూ చదువుతారు." గ్లాసు పక్కకి జరిపి, "పోయిన నెల కూడా అంతే" అన్నాడు.

నేను చార్టు తిప్పి నా గడి చూపించాను. మూడుచోట్ల కొట్టివేతలు, ఒక చోట చమట చుక్క పడి సిరా అలుక్కుపోయింది. వాచ్‌మన్ వరసలు మొదట్లో బాగానే ఉండి చివరికి కిందికి జారిపోయాయి. టైలరమ్మ ఒక మాట మర్చిపోయి పైన అతుకు వేసింది.

"రేపు నా కూతురొస్తోంది. ఇవన్నీ చదువుతుంది" అన్నాను. "చదవనీ. నేను రాశానంటే నమ్మాలి కదా, కొట్టివేతలుంటేనే నమ్ముతుంది."

పెయింటరు నా గడిలో కొట్టివేతల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. గడిలో పెట్టి గీశాడు. ఆ నున్నటి రంగు మీద పెన్ను జారిపోయింది, చిన్న గీత కూడా పడలేదు. మళ్ళీ నొక్కాడు. జారింది. 

"ప్రైమర్ మీద పెన్నేం పడుతుంది" అన్నాడు వాచ్‌మన్. "సంచిలో ఏముందో చూసుకో. సొంత దస్తూరీ అంది కానీ పెన్నుతోనే అని పంతులమ్మ అన్లేదు."

పెయింటరు సంచి విప్పాడు. అన్నిట్లోకీ సన్నటి బ్రష్షు, కిటికీ చట్రాలకు వాడేది, తీశాడు. మూతలో ఇంత నల్లరంగు పోసుకున్నాడు. టైలరమ్మ చార్టు అంచులు గుడ్డ పట్టినట్టు రెండు చేతులా బిగించి పట్టుకుంది. బ్రష్షు చేతికొచ్చాక ఆయన చెయ్యి వేరే చెయ్యి అయిపోయింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కొక్క అక్షరం దించాడు. వేలెడంత అక్షరాలు. "నేను గోడలకు రంగు వేస్తాను." దానికే గడిలో సగం పోయింది. నేను పక్కనుంచి గొణుగుతూ చదువుకున్నాను, తడి ఆరకముందే చదివిన మొదటి మనిషిని నేను.

అయిదు కావస్తుండగా పంతులమ్మ రోడ్డు దాటి వచ్చింది. ఆయన వెనక నిలబడి చూసింది. మేకుల డబ్బా తేవడానికి బడిలోకి వెళ్ళింది. నాకు గుండె కుదుటపడింది.

పెయింటరు మాత్రం తలెత్తలేదు. మూడంతస్తులు అని రాశాడు. కాసేపు ఆలోచించి, తర్వాత పదకొండు అయ్యాయి అని రాశాడు. నీలం అంచు అడ్డమొచ్చింది. దాన్ని దాటి మా ఇద్దరి గడుల మధ్య గీత దాకా వచ్చాడు. బ్రష్షు గాల్లో ఆపి, నా గడి వంక చూసి, చాలా మర్యాదగా అడిగాడు:

"పెద్దమ్మా, నీ అక్షరాలు కాస్త అటు జరుపుతావా, నాకు చోటు చాలడం లేదు."