సీలు తీయని ట్యూబు

చిత్తూరులో ఒక పిల్లల వార్డు. నర్సు కృపారాణి మూడేళ్ల పాప మోచేతి మడతల్లో చీము తుడుస్తోంది. రెండు నెలల కిందట ఈ పాపకే ఎగ్జిమా అని డాక్టరు మందులు రాస్తే, అవి ఎట్లా వాడాలో అచ్చువేసిన కాగితం ఆమే ఇచ్చి పంపింది. పాప తల్లి మునికుమారి మంచం కోడు పట్టుకొని నిలబడి ఉంది.

“మళ్లీ అడగతా ఉండా. మందు పూసినావా, లేదా?”

“పూసినా సిస్టర్. పెద్ద డబ్బా క్రీము మూడు పూటలా పూసినా. నీళ్లు పోసిన వెంటనే, ఒంటి తడి ఆరకముందే.”

“సబ్బు?”

“మీరు చెప్పిందే. గోర్లు కత్తిరించినా. నైలాన్ గౌన్లన్నీ మా ఆడబిడ్డ కూతురికి ఇచ్చేసినా.”

“చిన్న ట్యూబు?”

“అదా... సంచిలో ఉండాది.”

“ఇట్లియ్యి. ఇదేంది, సీలు గూడా తియ్యలేదే?”

“తియ్యలేదు.”

“మీ అత్త వద్దనిందా?”

“ఆమెనేమీ అనబాకండి సిస్టర్. అంగన్‌వాడీలో గజ్జి అని బిడ్డను దూరంగా కూర్చోబెడితే, పోయి కొట్లాడొచ్చింది ఆమే.”

“మరి ఫోన్లో ఎవురన్నా భయపెట్టినారా? స్టెరాయిడ్ పూస్తే చర్మం పాడైపోతాదని?”

“లేదు సిస్టర్.”

“లేదు లేదంటే ఎట్లా? నూటమూడు జొరం. చీము పట్టేదాకా సూస్తా కూర్చున్నావు. తల్లివేనా నువ్వు?”

“కాగితంలో ఉండేట్టే చేసినా.”

“ట్యూబు తియ్యొద్దని ఉండాదా కాగితంలో?”

“పదో తరగతి చదివినా సిస్టర్. అదంతా నాకు నోటికొచ్చు. ‘చర్మం ఎర్రబడగానే చిన్న ట్యూబు పలచగా పూయాలి. ఎర్రబడనప్పుడు పూయకూడదు.’”

“అవును. మరి?”

“దినామూ పొద్దున్నే గుడ్డలిప్పి, వాకిట్లో ఎండకు నిలబెట్టి సూసినా. గీరి గీరి మందమయింది. బూడిద పూసినట్టయింది. ముందుకన్నా నల్లబడింది. ఎర్రబడితే పూద్దామని సూస్తానే ఉన్నా.”

కృపారాణి దూది ట్రేలో పెట్టింది.

“మా పాపది నా మాదిరే నల్ల రంగు గదా సిస్టర్. ఎర్రబడనే లేదు.”

కృపారాణి పాప చేతిని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది.

“ఏం సిస్టర్, నేను సరిగ్గా చదవలేదా?”

“సరిగ్గానే చదివినావు.”

“మరి ఆ డాక్టరెవురో అట్లెందుకు రాసినాడు?”

“డాక్టరు కాదు, మునికుమారీ. రాసింది నేనే. ఆ కాగితమే నగరి దాకా నూరిండ్లకు పైనే ఇచ్చినా.”