తుక్కాసురుడి ఊపిరి

ముందుగా ఊపిరి వినిపించింది. పాత టీవీ కదా, బొమ్మ తేలేలోపు చప్పుడు వచ్చేస్తుంది. గరగరమని ఒక పీల్పు, చివర సన్నని ఈల, మళ్ళీ గరగర. కూర్మన్నపాలెంలో ఆ ఆదివారం ఉదయం, పళ్ళెంలో ఇడ్లీ చల్లారుతుండగా, ఆటోనగర్ వెల్డరు ఆ ఊపిరి తనదేనని గుర్తుపట్టాడు. ఏడేళ్ళ కిందట సిటీ కేబుల్ సీరియల్లో సముద్రంలో మునిగి చచ్చిన తుక్కాసురుడు, ఈ రెండు వేల మూడులో, పెద్ద ఛానల్లో, అంతరిక్షం నుంచి తిరిగొచ్చాడు. ఇనుప తుక్కుతో, లారీ ట్యూబులతో వాణ్ణి చేసినవాడూ, లోపల దూరి ఆడించినవాడూ ఈ వెల్డరే. తెర మీద మాత్రం ‘తుక్కాసురుడు: సృష్టి, అభినయం జయంత్’ అని పడింది. వెల్డరు ఛానలుకు ఫోన్ చేసి నిలదీశాడు. సాయంత్రానికల్లా, అప్పుడూ ఇప్పుడూ ఆ సీరియళ్ళు తీసిన దర్శకుడు భీమశంకరరావు ఇంటికొచ్చాడు. వెల్డరు భార్య అసిరమ్మ ఆయనకు టీ ఇచ్చింది.

“అది కాదు బావా, ముందు నాకు చేయాలి కదా ఫోను. తిన్నగా ఛానలుకే చేసేస్తే ఎలా?”

“నీకు సేత్తే ఎత్తుతావా? మూడుసార్లు సేసినాను.”

“షూటింగులో ఉన్నాను.”

“తుక్కాసురుడి లోపల ఎవులున్నారు?”

“జయంత్. మా మేనల్లుడు. కుర్రాడు మంచివాడు బావా.”

“మంచోడే. ఆ ఊపిరి ఎవులిది?”

“పాత టేపు వాడాం. జయంత్ తీస్తే పిల్లి గురకలా ఉంది.”

“అంటే ఊపిరి నాది. పేరు మీ మేనల్లుడిది.”

“అప్పుడు కూడా నీ పేరు వేయలేదుగా. నువ్వేమీ అనలేదు.”

“అప్పుడేటన్నావు నువ్వు? లోపల మనిషున్నాడని తెలిస్తే పిల్లలకి బయం పోతాది బావా, అన్నావు. మా పిల్ల రాణికి కూడా సెప్పొద్దన్నావు. సెప్పనేదు. టీవీలో నన్ను సూసి అది మంచం కిందకి దూరిపోయీది. పక్కన కూకుని నాను కూడా బయపడినట్టు నటించీవోణ్ణి. తుక్కాసురుడు మళ్ళీ లేచిననాడు ముందు పడేది నీ పేరే, అన్నావా నేదా?”

“అన్నాను.”

“అన్నావు కదా.”

“అన్నాను బావా. అప్పుడు సీరియల్ నాది. ఇప్పుడు నేనూ జీతగాణ్ణే. వాళ్ళకి కాగితం కావాలి. కాగితంలో జయంత్ పేరుంది.”

“ఏ కాగితం?”

“టీ బావుంది చెల్లెమ్మా. అల్లం వేశావా?”

“ఏ కాగితం అన్నాను.”

“తుక్కాసురుడి తల తీసుకెళ్ళినప్పటిది.”

“తలేటి? నా తలకి నకలు దించినారనుకున్నాను.”

“నకలు కాదు. అదే తల.”

“అదెలాగవుతాది? తల మా అటక మీదుంది. అసిరమ్మా, గోనెసంచిలో ఉంది కదా?”

“నేదు.”

“నేదా?”

“నెల్లాళ్ళయింది. జయంతు బాబొచ్చినాడు. నువ్వే ఇమ్మన్నావన్నాడు. బీమశంకరం అన్నయ్య ఇంటి మనిషి కదా, ఇచ్చీసినాను.”

“నాకు సెప్పనేదేటి?”

“ఆ సాయంత్రమే సెప్పబోయినాను. నువ్వు అటక కేసి సూసి, మా తుక్కోడు ఎలాగున్నాడో అని నవ్వినావు. నువ్వు పంపనేదని అప్పుడు తెలిసింది. ఇచ్చీసినాక ఏటని సెప్పను?”

“నెల్లాళ్ళు. నెల్లాళ్ళు నాను ఖాళీ అటక కేసి సూసి నవ్వతన్నాను. ఈయన సేసింది ఒకెత్తు. నువ్వు కూడానా?”

“తిట్టు. పడతాను.”

“తిట్టడానికి నోరు రావడం నేదు. కాగితం మీద ఏటి రాయించుకున్నాడు?”

“ఏలిముద్రేసినాను. దీన్ని సేసినోడి పేరేటి అనడిగినాడు. రాణి వోళ్ళ నాన్న అన్నాను. అలాగ కాదమ్మా, పేరు సెప్పు అన్నాడు. మొగుడి పేరు నోట్లోంచి ఎలాగొత్తాది? సర్లే, ఆ సోటు వొదిలేత్తాను, మావయ్యకి తెలుసు, ఆయన నింపుతాడు అన్నాడు.”

“విన్నావా? మావయ్యకి తెలుసంట. నా పేరు నీకు తెలీదేటి?”

“తెలుసు బావా.”

“తెలిసీ మేనల్లుడి పేరు రాసినావు.”

“నేను రాయలేదు. వాడు రాసుకుంటుంటే ఊరుకున్నాను. వాడికిదే మొదటి అవకాశం.”

“నాను షెడ్డుకెళ్ళిన పొద్దు సూసి పంపినావు. ఇది నా పేరు పలకదని తెలిసే పంపినావు.”

“బావా…”

“అవునా కాదా?”

“మా అమ్మ పలకలేదు. మా ఆవిడా పలకదు. చెల్లెమ్మ మాత్రం పలుకుతుందా అనుకున్నాను.”

భీమశంకరరావు జేబులో సెల్‌ఫోను మోగింది.

“నమస్కారమండీ శ్రీరామ్మూర్తిగారూ. ఆ, ఇక్కడే ఉన్నానండి. ముద్ర ఆవిడదేనండి. ఆవిణ్ణే అడుగుతారా? ఎందుకులెండి, చదువుకున్న మనిషి కాదు… చిత్తం. చిత్తమండి. బావా, ఛానలు మేనేజరు. తల ఇచ్చింది ఆవిడ కాబట్టి, చేసినవాడి పేరు ఆవిడే చెప్పాలట. ఇప్పుడే, ఫోన్లో. చెబితే వచ్చే ఆదివారం తెర మీద పేరు మారుస్తారట. లేకపోతే జయంత్ పేరే ఖాయం.”

“నా పేరు నాను సెప్తాను, ఇలాగియ్యి.”

“నీ పేరు నువ్వు చెప్పుకుంటే చెల్లదట. ఎవరైనా చెప్పుకుంటారు అంటున్నారు.”

“అది పలకదు. పద్దెనిమిదేళ్ళయింది పెళ్ళయి. రేషను కార్డు కాడ కూడా పలకనేదు. పక్కింటి తవిటమ్మని ఎంటబెట్టుకెళ్ళి సెప్పించింది.”

“అదే నేనూ మనవి చేస్తున్నానండీ. పలకరండి. మావైపు ఆనవాయితీ అంతేనండి. అయితే ఇక జయంత్ పేరే…”

“ఇలాగియ్యి అన్నయ్యా, ఆ పోను.”

“చెల్లెమ్మా, నువ్వెందుకమ్మా ఇబ్బంది పడతావు?”

“ఇయ్యి. ఇదిగో, నువ్వు అటు తిరుగు. నా మొకం సూడకు.”

“అసిరమ్మా…”

“తిరిగినావా?”

“తిరిగినాను.”

“బాబూ, వినబడతందా? ఆ రాకాసిని సేసినోడు, ఎండలో దాన్లో దూరి ఊపిరాడక వొళ్ళంతా పొక్కులెక్కినోడు మా ఆయన. రాసుకోండి. సన్యాసిరాజు.”