మీసం కనపడకూడదు

ఏంటే ఫ్లోరీన్, నవ్వొచ్చినప్పుడల్లా ఆ చెయ్యి నోటికి అడ్డం? ఇక్కడ నేనూ ఈ పిల్లీ తప్ప చూసేవాళ్ళు ఎవరున్నారని? తియ్యి. ఆఁ, ఒక్క పన్నేగా ఊడింది, దానికింత సిగ్గా. కట్టించేసుకోవచ్చుగా మరి. ఇప్పుడు మన లోయలో ఏ పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళినా దవడలోకి స్క్రూ దింపి దానిమీద పన్ను కూర్చోబెడుతున్నాడు. మన ఊళ్ళో చేసిన స్క్రూలే దేశాలన్నీ తిరుగుతున్నాయి, నీ నోట్లోకి రావడానికేం రోగం? ... ఏంటీ? ఏమన్నావు? మళ్ళీ అను. "మా ఇంటి ఎముకలు మంచివి కావు" అనా? ఎవరు చెప్పారే నీకా మాట? మీ నాన్నా? మీ నాన్నకెవరు చెప్పారు? ... ఆఁ. మీ నానమ్మ. ఆండ్రియెన్ వదిన. కొడుక్కి కూడా చెప్పుకుందన్నమాట. కొడుకు కూతురికి చెప్పాడు. అబ్బా... ఉండు. ఆ కుర్చీ ఇటు లాక్కో. నాకు పొద్దున్నుంచీ ప్రాణం ఏం బాగోలేదు, మోకాళ్ళు మంచు రాకముందే మంచొచ్చిందంటున్నాయి. కాఫీ పోసుకో, నాక్కూడా పొయ్యి. అందులో కాస్త ప్లమ్ సారా చుక్క వెయ్యి, ఆ అరలో ఉంది, డాక్టరుకి చెప్పకు.

మీ తాత నూమా నీకు గుర్తుండడు, నువ్వు పొత్తిళ్ళలో ఉండగానే పోయాడు. ఫొటోలో మీసం చూశావుగా, అదీ మనిషి. మీసం ముందొచ్చి మనిషి వెనకొచ్చేవాడు. వాచీల కార్ఖానాలో పాలిష్ పని. వాచీ డబ్బీ చేతికిస్తే బొంతగుడ్డ చక్రం మీద పెట్టి, పాలిష్ ముద్ద రాసి, అలా అలా తిప్పి తీసేవాడు. తీసి ఏం చేసేవాడనుకున్నావు? కొలత పెట్టేవాడా? కాదు. మొహానికెదురుగా పెట్టుకుని మీసం చూసుకునేవాడు. ఒక్కో వెంట్రుక విడివిడిగా కనపడాలి. కనపడలేదా, "ఇది ఇంకా ఇనపముక్కే, వాచీ కాలేదు" అని మళ్ళీ చక్రం ఎక్కించేవాడు. నేను ఆ తర్వాతి బల్ల. తనిఖీ. ముప్పయ్యేళ్ళు కంట్లో భూతద్దం బిగించుకుని కూర్చున్నాను, అందుకే ఈ కన్ను ఇలా గుంట పడింది చూడు. గీత ఉంటే వెనక్కి, మరక ఉంటే వెనక్కి. మీ తాత చేసినవి ఎన్ని వెనక్కి పంపానో వేళ్ళమీద చెప్పగలను. "ఒదీల్, నీ భూతద్దం తుడుచుకో, గీత దానిమీదుంది" అనేవాడు. గర్వం! ఒళ్ళంతా గర్వమే. కానీ పని అలాంటిది మరి, ఏమనగలం.

తర్వాత ఆ బ్యాటరీ వాచీలొచ్చి మన కార్ఖానా మూతపడింది, అదంతా నీకు స్కూల్లో చెప్పే ఉంటారు. ఊరంతా చావింటిలా అయిపోయింది. అప్పుడే ఒకాయన ఆ పాత లేత్‌లమీదే, ఆ సన్న పని తెలిసిన చేతులతోనే, టైటానియంతో పళ్ళ స్క్రూలు చెయ్యడం మొదలెట్టాడు. మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. మీ తాతకి పొంగు. మళ్ళీ పని దొరికింది కదా అని. మొదటిరోజు లేత్ మీంచి వచ్చిన స్క్రూ చేతికిచ్చారు, మరలు చూస్తే ముచ్చటేసింది, అంత చక్కగా ఉంది. మీ తాత చక్రం ఎక్కడా అని చూస్తున్నాడు. చక్రం లేదు! పెట్టెలో పెట్టి ఇసుకతో కొట్టాలిట. టపటపటపా ఇసుక. కొట్టాక మరిగే యాసిడ్‌లో ముంచాలిట. ఆ స్క్రూ బయటికొచ్చేసరికి పలకముక్కలా బూడిదరంగు తిరిగి, చూడ్డానికి చచ్చిపోయినట్టుంది. మీ తాత దాన్ని అలవాటుగా మొహానికెదురుగా పెట్టుకున్నాడు. మీసం లేదు. మొహమే లేదు. "ఏమండీ, పని పాడుచెయ్యడానికా నన్ను పిలిచింది?" అన్నాడు అందరి ముందూ.

అక్కడ కుమారి ష్టూడర్ అని ఒకావిడ, రసాయనాలు చదివిన మనిషి, జర్మన్ మాట్లాడే బాసెల్ వైపు నుంచి వచ్చింది. సన్నగా ఉండేది, మన భాష మాట్లాడితే రాళ్ళు నమిలినట్టుండేది పాపం. ఆవిడ ఓపిగ్గా చెప్పేది. "నూమా గారూ, ఎముక బతికున్న వస్తువండీ. అది పాకుతుంది. అద్దం మీదికి తీగ పాకుతుందా? గరుకు గోడ మీదికైతే పాకుతుంది. ఇసుక పెద్ద గుంటలు చేస్తుంది, యాసిడ్ ఆ గుంటల్లో చిన్న గుంటలు చేస్తుంది. నెత్తురు అందులో నిలబడుతుంది, ఆ నెత్తుటి వెంట ఎముక వస్తుంది." మీ తాత వినేవాడు, వెనక్కి తిరిగి ఆవిడ యాస పట్టి వెక్కిరించేవాడు. "ఎముఖ్ఖ భాకుతుంధి!" అని. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, కాదనను. కానీ ఆవిడ చెప్పింది నాకర్థమైందే. అదే నా తప్పు. అర్థం కాకపోతే ఇంత బాధ లేదు.

ఏం చెబుతున్నానూ... ఆఁ, మీ నానమ్మ. ఆండ్రియెన్ వదినకి పందొమ్మిదేళ్ళకి పళ్ళన్నీ పీకించేశారు తెలుసా నీకు? తెలీదా? ఆ రోజుల్లో అలా చేసేవాళ్ళే కొందరు. పెళ్ళి కుదిరితే పిల్లకి బాగున్నవీ బాగోలేనివీ అన్నీ పీకించేసి, కట్టుడు పళ్ళ సెట్టుతో అత్తారింటికి పంపడం. మొగుడికి రేపు డాక్టర్ల బెడద ఉండకూడదని. వాళ్ళమ్మ అదేదో గొప్ప కానుక ఇచ్చినట్టే అందరికీ చెప్పుకుంది. పళ్ళు లేని దవడ ఊరికే ఉండదు, కరుగుతుంది. ఏటేటా కరిగి కరిగి, యాభై వచ్చేసరికి కింది సెట్టు నిలబడ్డానికి గట్టే లేకుండా పోయింది. మాట్లాడితే లేచిపోయేది, తుమ్మితే లేచిపోయేది. చర్చిలో పాడ్డం మానేసింది. నలుగురిలో తినడం మానేసింది. సెయింట్ మార్టిన్ పండక్కి మీ ఇంట్లో పాతికమంది కూర్చునేవాళ్ళం, పందిని కోసిన వారం, నెత్తుటి సాసేజీ, పులిసిన క్యాబేజీ, వేయించిన పక్కటెముకలు, మధ్యాహ్నం మొదలెడితే దీపాలు పెట్టేదాకా తిండే. అన్నీ ఆవిడే వండేది. వండి, వడ్డించి, "మీరు కానివ్వండి, నేను వంటింట్లో తింటాను" అనేది. వంటింట్లో ఏం తినేది? రొట్టెముక్క పులుసులో నానబెట్టుకుని, గోడవైపు తిరిగి.

మీ తాతకి అదొక్కటే కోరిక. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, తన పక్కన, అందరి ముందూ పక్కటెముక కొరుక్కుని తినాలి. ఇంకేం అడగలేదు ఆ మనిషి జీవితంలో. పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకి కావాలంటే స్క్రూలు పెట్టిస్తామన్నారు మా కంపెనీవాళ్ళు. పళ్ళ డాక్టర్ గెనా వచ్చి చూశాడు. కింద ముందువైపు ఎముక అంతంతమాత్రంగా ఉంది, అయినా నాలుగు దింపచ్చు, మూణ్ణెల్లు చిగుళ్ళ కింద వదిలేసి, పట్టుకున్నాక వాటిమీద పళ్ళు బిగిద్దాం అన్నాడు. లెక్కేస్తే సరిగ్గా పండగకి సిద్ధం. వదిన నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, అచ్చం నీలాగే.

ఇక విను. ఇది ఎవరికీ చెప్పలేదు నేను. ఆ వారం నా పళ్ళెంలోకి స్క్రూలొచ్చాయి, కడిగి మూటగట్టే ముందు ఆఖరి చూపు నాది. బూడిదరంగు, బూడిదరంగు, బూడిదరంగు... నాలుగు తళుక్కుమన్నాయి. భూతద్దంలో చూస్తే నా కనుగుడ్డు కనపడింది వాటిల్లో. అలాంటి మెరుపు చెయ్యగలిగిన చేతులు ఈ లోయలో రెండే. తలెత్తి చూశాను, మీ తాత వెనకాలే నిలబడున్నాడు. ఇంట్లో పాత చక్రం ఒకటి దాచుకున్నాట్ట, యాసిడ్‌లోంచి తీసినవాటిని పట్టుకెళ్ళి రెండు రోజులు కూర్చుని అద్దం చేసి తెచ్చాడు. "నూమా, ఏంటిది?" అన్నాను. "ఒదీల్, అవి ఆవిడకి" అన్నాడు. "ముప్పయ్యేళ్ళు ఎవరెవరి చేతులకో మెరుగు పెట్టాను, నా పెళ్ళాం నోట్లో బూడిద పెట్టమంటావా?" అన్నాడు. నేనేం చెయ్యాలి? వెనక్కి పంపాలి. రాసి ఉంది కాగితం మీద. కానీ నా బతుకంతా గీతలున్నవి వెనక్కి పంపాను గానీ, మెరుస్తోందని పంపడం నా చేతికి అలవాటు లేదు. ఆ మొహం చూసి... ముద్ర కొట్టేశాను. నాలుగూ కొట్టాను.

మూణ్ణెల్లు పోయాక చిగుళ్ళు కోసి తెరిచారు. నేనూ వెళ్ళాను తోడు. గెనా పళ్ళు బిగిద్దామని మొదటిదానికి పనిముట్టు పెట్టి ఇలా తిప్పాడో లేదో, దాంతోపాటు స్క్రూ కూడా తిరిగింది. వేళ్ళతో లాగితే వచ్చేసింది. రెండోది అంతే. నాలుగూ తీసి పళ్ళెంలో పెట్టాడు, ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఒక్క ఎముక పలుకు అంటితే ఒట్టు. ఆయన నిట్టూర్చి, "ఏం చేస్తామమ్మా, మీ ఎముకకి సత్తువ లేదు" అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయనకేం తెలుసు. మీ తాత టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని నేను చూస్తున్నాను. వదిన ఆ నెత్తుటి నోటితోనే ఆయన చెయ్యి పట్టుకుని, "నీ కష్టమంతా పాడుచేశాను నూమా, నా ఎముకలే మంచివి కావు, ఏమనుకోకు" అంది. ఆయన చెప్పలేదు. నేను చెప్పలేదు.

గెనా ఆ నాలుగింటినీ సీసాలో పెట్టి మా దగ్గరికే పంపాడు, ఎందుకు పట్టలేదో చూడమని. మర్నాడు ష్టూడర్ నా బల్ల దగ్గరికొచ్చింది. అరవలేదు. "ఇవి మీరు చూశారా?" అంది. చూశానన్నాను. "మెరుపు కనపడలేదా?" అంది. "నా కళ్ళు మసకబారుతున్నాయండీ" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో చూడు! వెనక బల్ల మీంచి మీ తాత లేచొచ్చి, "నేనే చేశాను" అన్నాడు. ఆవిడ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను, బతికున్న పంది ఎముకలో దింపి కొన్నాళ్ళుంచి, ఎముకతో సహా కోసి తెచ్చిన రెండు స్క్రూలు పరీక్షకని ఉన్నాయక్కడ. ఒకటి నున్నది, ఒకటి మా బూడిదది. "తిప్పండి" అంది. నున్నది తిరిగిపోయింది. రెండోది తిరగలేదు. ఆయన మొండివాడు కదా, బలమంతా పెట్టాడు. ఫట్‌మంది. స్క్రూ రాలేదు, చుట్టూ ఉన్న ఎముకే పగిలి దాన్ని పట్టుకునే వచ్చింది. మీ తాత దాన్ని మొహానికెదురుగా పెట్టుకుని చూశాడు. ష్టూడర్ ఒక్కటే మాటంది, "నున్నటివి గట్టి దవడలో ఒక్కోసారి నిలబడతాయి నూమా గారూ, ఆవిడ దవడకే ఈ గరుకు కావాల్సొచ్చింది. పైగా మీ పాలిష్ ముద్ద జిడ్డు కూడా ఉంది దానిమీద." ఆ రోజు తర్వాత ఆవిడ యాస ఆయన ఎప్పుడూ పట్టలేదు.

ఇసుక పెట్టె అడిగి మరీ తీసుకున్నాడు. ఆయన కొట్టినట్టు సమంగా ఇంకెవరూ కొట్టలేకపోయారు తర్వాత. నా దగ్గరికొచ్చి, "ఒదీల్, మీసం కనపడిందా, వెనక్కి పంపెయ్. ఎవరిదైనా సరే, ఎవరికైనా సరే" అనేవాడు. మీసం కనపడకూడదు! ఆ నోటితోనే! వదిన కోసం మళ్ళీ నాలుగు చేసి పెట్టుకున్నాడు, తన చేత్తో, చావు రంగులో. ఆవిడ ఒప్పుకోలేదు. "నా ఎముక సంగతి తెలిసిపోయిందిగా, మళ్ళీ నీకెందుకు శ్రమ" అనేసింది. ఒప్పించాలంటే నిజం చెప్పాలి. "నువ్వు చెప్పు ఒదీల్" అనేవాడు. "నీ పెళ్ళాం, నువ్వే చెప్పు" అనేదాన్ని నేను. ఇలా ఎన్నేళ్ళే? ఒక పండక్కి నేనే తెగించి వంటింట్లోకి వెళ్ళాను. వదిన గోడవైపు తిరిగి రొట్టె నానబెట్టుకుంటోంది. "వదినా" అన్నాను. ఆవిడ ఇటు తిరిగి, నా చేతిలో సగం కొరికిన పక్కటెముక చూసి, "తిను తిను, నీ ఎముకలు గట్టివి, అదృష్టవంతురాలివి" అని నవ్వింది. అంతే. నేను అక్కడే నిలబడి అది తినేసి వచ్చేశాను. ఆవిడ పోయింది, తర్వాత ఆయన పోయాడు. నేనే ఉన్నాను, ఎందుకో మరి.

ఆ సొరుగు లాగు. కింది సొరుగు. దగ్గుబిళ్ళల డబ్బా ఉంటుంది, తీసుకురా. తెరు. నాలుగున్నాయా? పోయే ముందు నా చేతిలో పెట్టాడు. కిటికీ దగ్గర పెట్టి చూడు, మొహం కనపడుతోందా? కనపడదులే. ఇవి నీకిప్పుడు పనికిరావు, టైటానియం కూడా మనలాగే గాలి తగిలి తగిలి ముసలిదైపోతుందని ష్టూడర్ అనేది. కొత్తది పెట్టించుకో. రేపే వెళ్ళు. మీ ఇంటి ఎముకలు మంచివే తల్లీ. మీ నానమ్మవీ మంచివే... ఏయ్. మళ్ళీ ఆ చెయ్యేంటే? నవ్వడానికీ అడ్డమే, ఏడవడానికీ అడ్డమేనా? తియ్యి. కాఫీ చల్లారిపోయింది, పారబోసి ఇంకోటి పెట్టు.