దేవుని దినమా, నీ దినమా

దేవదానం నాపరాళ్ల గనిలో పనిచేస్తాండె, చర్చిలో సంఘపెద్ద. బేతంచెర్ల పక్క ఊరంట వాళ్లది. ఉలి పెట్టి సుత్తితో ఇట్ల తట్టినాడంటే రాయి అప్పడం మాదిరి పొరపొరగా లేస్తాదంట, అట్లాంటి చెయ్యి. కానీ ఏమైందంటే, ఆ కోత మిషన్ పక్కన నిలబడి నిలబడి చెవులు సగం పోయినాయి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లా నన్ను అడగొద్దు. ఆయప్ప పెండ్లాం సలోమమ్మ. ఆయమ్మ తమ్ముడు జయపాలు, డోన్‌లో సైన్సు సారు. బావంటే ప్రాణం వానికి. బావకూ అంతే అనుకో, బయటపడడు, అంతే.

కూతురు రూతమ్మ పెండ్లి దగ్గర పడింది. జయపాలు లగ్గానికి ముందే దిగి, బావకు సంగటి క్యారేరు తీసుకుని గని కాడికి పోయినాడంట. అప్పుడే దేవదానం ఒక పొర లేపినాడు. దాని కింద ఏముందనుకున్నారు? గీతలు! వంకలో నీళ్లు ఇంకిపోయినాక ఇసుక మీద అలలు అలలుగా పడతాయి సూడు, అచ్చం అట్లే, కానీ రాయి. జయపాలు క్యారేరు పక్కన పెట్టేసి, బావా, ఇది ఒకప్పుడు సముద్రం అడుగు, మెల్లగా కదిలే నీళ్లు చేసినయి ఇవి, ఒక్కో పొర పడేదానికే ఎంత కాలమో, ఈ గని లోతుకు ఎన్ని పొరలో సూడు, వంద కోట్ల ఏండ్లు దాటింటాది అన్నాడంట. 'ఏం కోట్లురా, ఓట్లప్పుడు చెప్పే కోట్లా? దేవుడు ఆరు దినాల్లో చేసినాడు, ఆరువేల ఏండ్లయింది, ఇవి నోవహు కాలం జలప్రళయం గీతలు' అని బావ. 'ప్రళయం ఉరుకుతా వస్తే ఇంత సక్కగా దువ్వినట్టు ఉంటాదా బావా?' దేవదానం ఆ గీతల మీద అరచెయ్యి పెట్టి, అట్లే నిమురుతా ఉన్నాడంట. అంతలో కోత మిషన్ మొదలు! జయపాలు గొంతు పెంచి, 'నీ దినం లెక్క వేరు బావా, దేవుని దినం లెక్క వేరు!' అని అరిచినాడు. ఆయప్ప చెవిన పడింది ఏంది? 'నీ దినం' అన్న ముక్క ఒకటే. మా పక్క 'నీ దినం' అంటే ఏందో తెలుసు గదా? నువ్వు సచ్చినాక పెట్టే కూడు. అంతకన్నా పెద్ద తిట్టు లేదు. 'బిడ్డ పెండ్లి ముందర పెట్టుకుని నా దినం పెడతావా! నడువు, నా గడప తొక్కొద్దు' అని క్యారేరు ఎత్తి అవతల ఇసిరినాడంట. సంగటంతా దుమ్ములో.

పాపం జయపాలు ఏమనుకున్నాడు, మిషన్ మోతలో 'గడప తొక్కొద్దు' అన్నదొక్కటే ఇనపడి, భూమి వయసు మీద కోపమొచ్చింది అనుకున్నాడు. డోన్ పోయి కూర్చుని ఒకటే బాధ. రూతమ్మేమో ఇక్కడ, 'మా మామ చెయ్యి పట్టుకుంటేనే చర్చి మెట్టెక్కుతా, లేకుంటే ఎక్కను' అని భీష్మించింది. మేనమామ చెయ్యి పట్టుకుని పోయేది వాళ్ల ఇంటి ఆచారం. జయపాలు తట్టుకోలేక, సైన్సంతా మింగేసి, ఫోన్ చేసి గట్టిగా చెప్పినాడంట, 'సరే బావా! నేనే తగ్గుతా! ఆరు దినాలూ నీయే, తీసుకో!' అయ్యో దేవుడా. ఒక దినం అన్నందుకే అట్ల, ఇప్పుడు ఆరు! దేవదానం ఫోన్ తీసి దిండు కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడంట.

సలోమమ్మకు అనుమానం వచ్చింది. అసలు వాడు ఏమన్నాడో మాటకు మాట చెప్పు అని పట్టుకుంది. 'నా దినం పెట్టినాడే. చాలక ఆరు పెట్టినాడు.' ఆయమ్మ రెండు నిమిషాలు ఆలోచన చేసి, ఇంక నవ్వు, నవ్వు, కొంగు నోట్లో పెట్టుకున్నా ఆగలేదంట. తమ్మున్ని పిలిపించి, మొగుని గని కాడికి తోలుకపోయి, మిషన్ ఆపించి, 'ఒరే జయా, ఆ మాట మళ్లా చెప్పు. దినం అన్నావంటే పండ్లు రాలగొడతా, రోజు అను' అంది. వాడు చెప్పినాడు: 'నీ రోజు పొట్టి బావా, దేవుని రోజు పొడుగు, మనకు లెక్క తెలీదు అన్నా, అంతే.' దేవదానం 'అంతేనారా? మరి ఆరూ నీయే అంటివే?' అన్నాడు. 'నీకోసం ఒప్పుకున్నా బావా, రూతు కోసం.' అప్పుడొచ్చింది ఆయప్పకు అసలు కోపం! 'నమ్మంది నాకోసం ఒప్పుకుంటావా? పిల్లోళ్లకు పాఠం చెప్పేటోడివేనా నువ్వు? ఏమి నమ్ముతావో అదే చెప్పు, నేను కొట్లాడతా, అంతేగానీ!' అని ఆ దుమ్ము చేతుల్తోనే వాన్ని గట్టిగా పట్టుకున్నాడంట.

పెండ్లినాడు చర్చి మెట్టుకాడ కొత్త బండ. ఏ బండ? ఆ గీతలదే. దేవదానమే పరిచినాడు. రూతమ్మ మామ చెయ్యి పట్టుకుని దాని మీద కాలు పెడుతుంటే, 'సముద్రం నీదే పోరా, చేసినోడు మాత్రం నావాడు' అన్నాడంట బావమరిది చెవిలో. చెవిలో అంటే, చెవిటోని గుసగుస గదా, పాస్టరయ్యగారితో సహా అందరికీ వినపడింది.

ఇప్పటికీ కొట్లాడతానే ఉంటారంట వాళ్లిద్దరూ, సంగటి తినుకుంటా. భూమి వయసెంతో వాళ్లు తేల్చుకోనీ. నేను చెప్పేది ఒకటే, చెవులు తక్కువున్నోళ్లతో మాట్లాడేటప్పుడు రోజు అనండి నాయనా, దినం అనొద్దు.