ఉప్పుకోట పాఠకులూ, ఒక కాకీ

ముట్టరేమండీ గురువుగారూ? మీరు ఆ పిట్టగోడ మీద వాలి అరగంటైంది. విస్తట్లో గారెలున్నాయి, పులిహోర ఉంది, మీకిష్టమైన కందిపచ్చడి ఉంది. కాకి ముట్టేదాకా మాకు వడ్డించరు కదా. కృత్తివెన్ను నుంచి పొద్దున్నే బయల్దేరినవాళ్లున్నారు, కాస్త చూడండి.

మీ పెద్దకర్మకి ఇంతమంది పాఠకులొస్తారని మీ ఇంటావిడ అమ్మాజీ గారు అనుకోలేదు పాపం. మీరుండగానే ఈ సంగతి తెలిసుంటే, అడక్కుండా రెండో కాఫీ ఇచ్చేవారేమో మీకు.

తీరని కోరికేదో ఉంటేనే కాకి ముట్టదట. అందుకే తలా ఒక మాట ఇచ్చి చూశాం. గుడివాడలో మీ పేరున లైబ్రరీ పెడతానన్నాడు కాంతారావు. మీరు తోకైనా కదపలేదు. నిజమే, వాడింటికెళ్లిన పుస్తకం తిరిగొచ్చిందెప్పుడు? పూర్ణిమ 'ఉప్పుకోట' ఆరు భాగాలూ మళ్లీ మొదట్నుంచి చదువుతానని ఏడ్చింది. బందరు ఖలీల్ అయితే ఏడో భాగం తనే రాసి పూర్తిచేస్తానన్నాడు. మీరు రెండడుగులు వెనక్కి గెంతారు. అది నాకు నచ్చింది.

అయినా రాణిని అలా వదిలేసి వెళ్తే ఎలాగండీ? ఆరో భాగం ఆఖరి పేజీలో సముద్రసర్పం నోట్లో పెట్టారు. మూడేళ్లుగా అక్కడే ఉంది. మింగిందా, కక్కిందా? అందరూ నన్నే అడుగుతున్నారు, మీ రాతప్రతులు టైపు చేసింది నేనే కనక. పదో తరగతి మూడుసార్లు తప్పిన జిరాక్సు కొట్టు చిన్నబాబుకి ఇంత మర్యాద ఎప్పుడు దొరికిందీ? 'గురువుగారు నాకూ చెప్పలేదండీ' అని గంభీరంగా తలూపుతున్నాను.

అందుకేనా అలా మెడ వంచి ఒంటికంటితో చూస్తున్నారు?

సరే, వాళ్లంతా షామియానా కిందికెళ్లారు కాబట్టి చెప్తున్నాను. ఆస్పత్రిలో ఆ మంగళవారం మీరు నా చెయ్యి పట్టుకుని, 'చిన్నబాబూ, రాణి సంగతి చెప్తా, రాసుకో' అన్నారు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. 'వద్దండీ, ముందే తెలిస్తే మజా ఉండదు, పుస్తకంలోనే చదువుకుంటా' అన్నాను. మీరు నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది.

మజా కాదండీ, గాడిదగుడ్డూ కాదు. కథ మిగిలున్నంతకాలం మీరు కదలరనుకున్నాను. ఆ ఆఖరి ముక్క నాకు అప్పజెప్పేస్తే ఇక మీకిక్కడ పనేముంటుంది? రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటుంది కదా, రాసేవాడి ప్రాణం రాయని పేజీలో ఉంటుందనుకున్నాను. ఇరవయ్యేళ్లు మీ పుస్తకాలు చదివి నేను సంపాదించిన తెలివి అదీ.

మీరు శుక్రవారం వెళ్లిపోయారు.

ఈ సంగతి షామియానా కిందున్నవాళ్లకి తెలిస్తే నాక్కూడా ఇవాళే పిండం పెడతారు. పోనీ ఇప్పుడు చెప్పండి. ఇదిగో, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. చెవుల జోలికి పోను.

ఓహో, గారె ఎత్తుకున్నారా?

అమ్మాజీ గారూ, ముట్టిందండీ! వడ్డించమనండి.

ఖలీల్ తన మాటకే ముట్టారని చంకలు గుద్దుకుంటాడు. గుద్దుకోనీండి. నోటినిండా గారె పెట్టుకుని మీరు మాత్రం ఏం చెప్తారు లెండి.