ఎడ్ల కుండ, బిడ్డ డబ్బా

చెంచులక్ష్మి అని ఒక కోడలుపిల్ల ఉండేదంట, పల్నాట్లో నాగులేరు పక్కన. ఇంట్లో మొగుడు కోటిరెడ్డి, అత్త ఆదెమ్మ, నాలుగున్నరేళ్ళ కూతురు రిత్విక, ఇంకా ఇద్దరు మహారాజులు. మహారాజులంటే ఎవరనుకున్నారు, బండలాగుడు పందేల ఎడ్లు! తెల్లారకముందే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదంట. ఎవరికోసం? ఎడ్ల కోసం. ఇంత కుండలో ఉలవలూ అలసందలూ ఉడకెయ్యాల, ఒక్కో ఎద్దుకి పదేసి కోడిగుడ్లు కొట్టి పొయ్యాల, పైన గేదె పాలు. కోటిరెడ్డి వచ్చి గింజ వేళ్ళ మధ్య నలిపి చూస్తాడంట, మెత్తగా ఉడికిందా లేదా అని. పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా అంత శ్రద్ధగా చూసుండడు. ఆ సేవలన్నీ అయ్యాక బిడ్డకేం పెట్టేవాళ్ళంటే, రెండు ఇడ్లీలు, పైన పంచదార. ఇడ్లీ లేని రోజు ఉప్మా, దాని మీదా పంచదారే. కుండ నిండా గింజలుండగా గరిటెడు పిల్లకి పెడితే ఏం పోయింది అంటారు మీరు. నేనూ అదే అన్నాను. కూడదంటమ్మా! పందేల ఎడ్ల కుండలోంచి మనిషి తీసుకుంటే వాటి కాళ్ళల్లో సత్తువ దిగిపోద్దంట. ఆదెమ్మ మామగారి కాలం నుంచీ ఆ ఇంట్లో అదే కట్టుబాటు. ఎద్దు సత్తువ ఎట్టా పోద్దో అందరికీ తెలుసు, పిల్ల సత్తువ ఎటు పోతందో మాత్రం ఎవరూ అడగలా.

అట్టా ఉండగా ఏమైందంటే, ఒకరోజు అంగన్‌వాడీలో పిల్లల్ని తూచారు. మీరాబీ టీచరు ముల్లు చూసి, బరువులు రాసే రంగుల కాగితం చూసి, చెంచులక్ష్మిని పక్కకి పిలిచింది. లక్ష్మీ, మూడు నెల్ల నుంచీ పన్నెండు కిలోల దగ్గరే ఆగిందమ్మా, ఇదిగో ఈ పసుపు రంగులోంచి ఎర్ర రంగు అంచుకొచ్చింది చూడు, వచ్చే నెల కూడా పెరక్కపోతే టౌన్లో పిల్లల ఆస్పత్రికి రాయాల్సొస్తది, రెండు వారాలు నువ్వూ అక్కడే ఉండాల అని చెప్పింది. లక్ష్మికి ఎర్ర రంగంటే ఏందో తెలియకపోయినా, టీచరు గొంతు తగ్గించిందంటే మాట పెద్దదని తెలుసుగా. ఇంటికొచ్చి చెప్పుకుంటే ఆదెమ్మ ఏమన్నదో తెలుసా? "మా వైపు అందరూ గుంజల్లాగుంటారు. ఇది మీ పుట్టింటి ఎముక. అయినా నువ్వు పోయి రెండు వారాలు ఆస్పత్రిలో కూచుంటే ఎడ్లకి ఉలవలు ఎవరుడకేస్తారే?" అన్నది. కోటిరెడ్డి తల గోక్కుని, "పందెం అయ్యాక చూద్దాంలే" అన్నాడు. పాపం, బిడ్డ కూడా పందెం అయ్యేదాకా ఆగాలి కదా, ఎదగడానికి.

ఆ దిగుల్లో ఫోను చూస్తంటే తెల్లకోటేసుకున్న ఒకామె కనబడిందంట. మీ బిడ్డ పొద్దున తినే తిండిలో ప్రోటీన్ ఉందా అని వేలు చూపించి మరీ అడిగింది. ఉందో లేదో మన లక్ష్మికేం తెలుసు! ప్రోటీనంటే కండ పట్టించేదంట, అది డబ్బాలో దొరుకుద్దంట. నేను ఇన్నేళ్ళూ పప్పులో ఉంటదనుకుంటన్నా, అమాయకురాలిని. ఫోన్లోనే ఆర్డరు పెట్టింది, నాలుగు రోజుల్లో డబ్బా వచ్చింది. దాని మీద బొమ్మ ఉంది, చొక్కా లేని పిల్లోడు చేతుల కండలు చూపిస్తన్నాడు. ఆదెమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి దేవుడి గూట్లో పెట్టింది, బొట్టు పెట్టడం ఒకటే తక్కువ. పొద్దున్నే పాలల్లో రెండు చెంచాలు కలిపి ఇచ్చారు. మొదటిరోజు తాగింది పిల్ల. రెండోరోజు ఉమ్మింది. మూడోరోజు, "నేను దొడ్లోకి పోయి తాగుతానమ్మా" అన్నదంట. పోయింది, ఖాళీ గ్లాసుతో వచ్చింది. రోజూ పోద్ది, రోజూ ఖాళీ గ్లాసు తెస్తది. చూశావా అత్తా, డబ్బా ఒంటబడతంది అని లక్ష్మి ఒకటే మురిసిపోవడం.

పది రోజులయ్యాక ఒక పొద్దున పేడ ఎత్తడానికి పోయింది లక్ష్మి. పోతే ఏం చూసింది? గ్లాసులో పాలన్నీ ఎద్దు తొట్టిలో ఉన్నాయి. ఎద్దు కళ్ళు మూసుకుని నాకుతంది. పక్కనే గొంతుక్కూచుని, తొట్టి ఆ చివర నుంచి గుప్పెడేసి ఉలవ గుగ్గిళ్ళు నోట్లో పోసుకుంటంది రిత్విక. "ఓసినీ! ఏం చేస్తన్నావే?" అన్నది తల్లి. పిల్ల ఉలిక్కి కూడా పడలేదంట. "మేం మార్చుకుంటన్నామమ్మా. వాడికి చాక్లెట్ పాలిష్టం. నాకు గుగ్గిళ్ళిష్టం." కొడదామని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అట్టాగే ఆగింది, ఎందుకంటే బుగ్గ మీద కాస్త నునుపు కనబడింది పిల్లకి.

పైట చాటున డబ్బా పెట్టుకుని తిన్నగా మీరాబీ దగ్గరకి పోయింది. దీని వెనక ఏం రాసుందో చదివి చెప్పు టీచరమ్మా, జరిగింది ఇదీ అని ఏడవలేక నవ్వింది. మీరాబీ కళ్ళజోడు పెట్టుకుని చదివింది: సోయా, బఠాణీ, పాలపొడి, పంచదార, చాక్లెట్ వాసన. "ఇది చెడ్డదేం కాదు లక్ష్మీ. తినలేని పిల్లలకి డాక్టరు చెబితే వాడతారు. నీ బిడ్డ తినగలదు కదా! మీ ఎడ్ల కుండలోనూ గింజలే, ఇందులోనూ గింజలే, దీన్లో పంచదార ఎక్కువ, అంతే తేడా. పొద్దున్నే గుగ్గిళ్ళు పెట్టు, గుడ్డు పెట్టు." "ఆ కుండ ముట్టుకుంటే మా అత్త ఊరుకోదే." "పోనీ నన్నొచ్చి మాట్లాడమంటావా?" లక్ష్మి డబ్బా మళ్ళీ పైట చాటున పెట్టుకుని, వద్దులే టీచరమ్మా, నేను చూసుకుంటా అన్నది.

ఎట్టా చూసుకుందంటే, కుండ ముట్టుకోకూడదన్నారు గానీ బస్తా ముట్టుకోకూడదని ఎవరూ అనలా! బస్తాలోంచి ఉలవలు తీసింది. పుట్నాలు, వేరుశనగపప్పు, గుప్పెడు నువ్వులు కలిపింది. దోరగా వేయించి, మెత్తగా పొడి కొట్టి, డబ్బాలో ఉన్నది ఎడ్లకి పోసేసి, ఈ పొడిని డబ్బాలో నింపింది. మళ్ళీ దేవుడి గూట్లో పెట్టింది. పొద్దున్నే వేడి ఇడ్లీ మీద ఆ పొడి, నెయ్యి. పక్కన గ్లాసుడు పాలు. అంతటితో ఆగిందా? "అత్తా, దీంతోపాటు రోజూ ఒక కోడిగుడ్డు పెట్టాలంట, డబ్బా మీద రాసుంది" అన్నది. నిన్నటిదాకా ఎడ్ల గుడ్లు లెక్క తప్పితే ఇల్లు పీకిపందిరేసే ఆదెమ్మ, "రాసుందా? అయితే పెట్టాల్సిందే, లేకపోతే పనిచెయ్యదేమో" అని తనే గుడ్డు ఉడకేసి పెంకు వొలిచి పెట్టింది. కోడలు అడిగితే ఎడ్లవి, డబ్బా అడిగితే బిడ్డవి.

నెల తిరిగింది, తూచే రోజొచ్చింది. లక్ష్మి పిల్లని తక్కెట్లో కూచోబెట్టి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి చూస్తే మీరాబీ నవ్వుతంది. పన్నెండుంపావు దాటి, పన్నెండున్నర దాటి ముల్లు ఇంకా పైనే ఉంది. ఆస్పత్రి కాగితం తీసి పక్కన పెట్టేసింది. లక్ష్మి పిల్లని ఎత్తుకుని, జుట్టులో మొహం పెట్టి అట్టాగే నిలబడిపోయిందంట, వెనక వరసలో వాళ్ళు జరగమ్మా జరుగు అంటన్నా. ఇక ఆదెమ్మ ఊరుకుంటదా? వీధి వీధీ తిరిగి, డబ్బా మహిమ, డబ్బా మహిమ అని ఒకటే చాటింపు. పందెంలో ఎడ్లకి రెండో బహుమతి వస్తే కోటిరెడ్డి కూడా అదే పాట: "ముందే ఆ డబ్బా వీటికీ పోసుంటే మొదటిదొచ్చేది!" పోసిందయ్యా మహానుభావా, నీ కూతురే పది రోజులు పోసింది, అనలేక లక్ష్మి దూలాలు లెక్కబెట్టుకుంటా కూచుంది. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి డబ్బా పేరు చెప్పమని చుట్టూ మూగారు. "పేరెందుకు వదినా, ఖాళీ డబ్బా ఏదున్నా తెచ్చుకోండి, నింపిస్తా" అన్నదంట.

అదమ్మా సంగతి. ఇప్పుడు ఆ ఊళ్ళో పిల్లలంతా ఉలవలు తింటన్నారు, డబ్బాలో నుంచైతేనే. గిన్నెలో పెడితే గింజలకి మర్యాదేముంది! కోటిరెడ్డి అసలు డబ్బాలు రెండు తెప్పించి ఎడ్లకి పోస్తన్నాడంట, పోసుకోనియ్యండి, అవి ఏమీ అనుకోవు. మీరేంది, కథ అయిపోయినా నా మొహమే చూస్తన్నారు? పోయి రేపటికి గుప్పెడు ఉలవలు నానేసుకోండి. ఏ డబ్బా మీదా రాసి లేదు, ఎట్టా పెట్టేది అంటారా? ఒక డబ్బా ఇటియ్యండి. ఈ వయసులో నాలుగక్షరాలు నేర్చుకున్నా గదా, నేనే రాసిస్తా.